మహానగరము – చిన్న సంచి

యాత్ర చేయుటకు ధనము కావలెననుట సత్యమే. కాని ధనమున్నంత మాత్రమున యాత్ర సఫలమగుననుట సత్యము కాదు. నిండు సంచితో బయలుదేరి ఏమియు చూడక తిరిగివచ్చినవారిని నేనెరుగుదును. చిన్న సంచితో పోయి జీవితకాలమునకు సరిపడు జ్ఞాపకములను మూటగట్టుకొని వచ్చినవారును కలరు. విద్యార్థులారా! మీలో పెక్కుమంది పల్లెలలోను చిన్న పట్టణములలోను పెరుగుచున్నవారు. రేపు చదువు నిమిత్తమో, ఉద్యోగము నిమిత్తమో, తల్లిదండ్రులను వెంటబెట్టుకొనియో మీరు ఏదో యొక మహానగరమునకు పోవలసి వచ్చును. అచ్చట స్వల్ప ధనముతో ఎట్లు మెలగవలెనో తెలుపుటకు మా ముంబాయి యాత్రను ఉదాహరణముగా చెప్పెదను. అందు నేను చేసిన తప్పును గూడ దాచక చెప్పెదను.

మాది తాండూరు దాపున నొక పల్లె. నేను ప్రధానోపాధ్యాయ పదవి నుండి విశ్రాంతి గొని కొన్ని యేండ్లైనది. నా భార్య చిన్ననాట, అనగా 1970 ప్రాంతమున, ఆమె తండ్రి కూలిపనికై బొంబాయి పోయి యుండెను. ఆ దినములలో మా ప్రాంతపు పల్లెల నుండి అనేకులు అట్లే పోవుచుండిరి. నెలకొక మనియార్డరు, పండుగకొక ఉత్తరము, ఏడాదికొకసారి ఆయన రాక – ఇదియే ఆ ఇంటివారికి బొంబాయి. ఆయన పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని, "సముద్రములో మన్ను పోసి నేల చేయుచున్నాము" అని చెప్పెడివాడట. పిల్లలు నమ్మెడివారు కారట. ఆయన పోయి చాలకాలమైనది. పెండ్లియైన క్రొత్తలో నా భార్య నన్ను కోరిన కోరిక యొక్కటే: "మా నాయన మన్ను పోసిన చోటు ఒక్కసారి చూపించుడు." అట్లేయని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుటకు నాకు నలువది యేండ్లు పట్టినది.

2023 జనవరిలో మా ప్రయాణము నిశ్చయమైనది. మొత్తము 14,000 రూపాయలు సమకూడినవి. అందు 6,000 ఆమె పాలు విక్రయించి కూడబెట్టినవి. తక్కినవి నా పింఛను నుండి మిగిల్చినవి. నాలుగు దినములు, మూడు రాత్రులు ఉండవలెనని తలచితిమి. నేను కాగితము తీసికొని చూడదగిన స్థలములను పన్నెండింటిని వరుసగా వ్రాసితిని. ఏ దినమున ఎచ్చటికి పోవలెను, ఎంత ఖర్చు చేయవలెను అను లెక్క యంతయు వేసితిని. ఆ కాగితమును చూచుకొని నాలో నేనే మురిసిపోతిని.

ముందుగా ఆ నగరము ఏల అంత ఖరీదైనదో తెలిసికొనవలెను. కారణము తెలియని ఖర్చును తగ్గించుట కష్టము. నేటి దక్షిణ ముంబాయి ఒకప్పుడు ఏడు దీవులు: కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజగాఁవ్, పరేల్, వర్లీ, మాహిమ్. వీని నడుమ ఆటుపోటులకు మునిగి తేలు బురదనేల యుండెడిది. 1661లో పోర్చుగీసు రాకుమారి కేథరిన్‌ను ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు వివాహమాడుటకు జరిగిన ఒడంబడికలో బొంబాయి అరణముగా ఇంగ్లండునకు సంక్రమించెను. 1668లో ఆ రాజు దానిని సాలుకు పది పౌనుల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసెను. నేడు పది పౌనులకు అచ్చట ఒక రాత్రి గది దొరకుట కూడ గగనమే!

తరువాత రెండు శతాబ్దములకు పైగా మనుష్యులు ఆ దీవుల నడుమ కట్టలు కట్టి, రాళ్లు, మన్ను పోసి, వానిని ఒక్క నేలగా కలిపిరి. మంచి ఓడరేవు ఉండుటచే వ్యాపారము పెరిగెను. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణా వరకు మన దేశమున మొదటి ప్రయాణికుల రైలు నడిచెను. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచ్చటి ప్రత్తి ఇంగ్లండునకు అందక, బొంబాయి ప్రత్తికి గిరాకి పెరిగి నగరము ధనముతో నిండెను. నూలు మిల్లులు లేచెను. పనికై నలుదెసల నుండి జనులు చేరిరి. 2011 జనాభా లెక్కల ప్రకారము నగర జనసంఖ్య ఒక కోటి ఇరువది నాలుగు లక్షలు. నేల చూడబోయిన, మూడువైపుల నీరు గల సన్నని పట్టీ. జనము పెరిగినట్లు నేల పెరుగదు గదా! కాబట్టి ముంబాయిలో అన్నిటికంటె ఖరీదైనది బంగారము కాదు, పట్టు కాదు. కాలు చాపుకొనుటకు చాలినంత చోటు.

ఈ నగరమును కట్టినవారిలో తెలుగువారును కలరు. నాటి నైజాము రాజ్యము నుండి పోయి రాతిపని, మట్టిపని, కట్టుబడి పని చేసిన మనవారిని అచ్చట కామాఠీలు అనిరి. పిమ్మట తెలంగాణపు పద్మశాలీలు మిల్లులలో మగ్గముల కడ చేరిరి. 1982లో జరిగిన గొప్ప సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. వారి సంతతి మాత్రము నేటికిని అచ్చట నున్నది.

దీనివలన ఒక సత్యము బోధపడును. ఆ నగరము ధనికుల నగరమని ప్రసిద్ధి. కాని అందు లక్షలకొలది కూలీలు, గుమాస్తాలు, చిరువ్యాపారులు దినమును గడుపుచున్నారు. వారు తిను తిండి, ఎక్కు బండి, కూర్చుండు చోటు మనకును అందుబాటులోనే యుండును. వారెట్లు జీవించుచున్నారో గమనించి అట్లు మెలగినచో మహానగరము మనకు భారము కాదు. ఖర్చు తగ్గించు ఉపాయములన్నియు ఈ యొక్క సూత్రమునందే యిమిడి యున్నవి.

ఇక ప్రయాణ సంగతి. జూను నుండి సెప్టెంబరు వరకు ముంబాయిలో కుంభవృష్టి కురియును. ఒక్కొక్కప్పుడు రైళ్లే ఆగిపోవును. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మాసములు సుఖకరములు. మేము రెండు నెలల ముందే స్లీపరు తరగతి టిక్కెట్లు తీసికొంటిమి. వృద్ధులకు రైలు ఛార్జీలో ఇచ్చుచుండిన తగ్గింపు 2020 మార్చిలో ఆపివేయబడినందున మాకది లభింపలేదు. దారికి జొన్నరొట్టెలు, పల్లీల పొడి, సకినాలు కట్టుకొంటిమి. రాత్రి షోలాపురము, పుణె దాటి, వేకువకు ముందు బండి కనుమలు దిగెను. భోర్ ఘాటు అనబడు ఆ కొండదారిని 1863 నాటికే తొలిచి పట్టాలు వేసిరి. సొరంగము తరువాత సొరంగము వచ్చుచుండగా నా భార్య కిటికీని విడువలేదు. "మా నాయనయు ఈ దారినే పోయి యుండును" అని ఆమె మెల్లగా అనెను. నేను కాగితమును చూచుకొనుచు "ఊఁ" అంటిని.

దాదరు స్టేషనులో దిగగానే ఒకడు వచ్చి, "చవుక గది చూపించెదను" అని మా సంచి పట్టుకొనెను. అతని వెంట పోయి చూడగా అది కిటికీలేని గుహవంటి గది. అద్దె రాత్రికి మూడువేలు! అదృష్టవశమున మేము ముందే యొక సామాన్య వసతిగృహమున ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, రాత్రికి 1,500 రూపాయల చొప్పున గది నిశ్చయించుకొని యుంటిమి, అచ్చటికే పోతిమి. ఇందు రెండు మాటలు గుర్తుంచుకొనుడు. మొదటిది: గదిని ముందుగా నిర్ణయించుకొని, పన్నులతో కలిపి మొత్తమెంతయో అడుగవలెను. రెండవది: ప్రసిద్ధ ప్రదేశముల ప్రక్కన గాక, రైలు స్టేషను ప్రక్కన దిగవలెను. దాదరులో పశ్చిమ రైలుమార్గమును మధ్య రైలుమార్గమును కలియును. అచ్చటి నుండి నగరములో ఏ మూలకైనను పోవచ్చును. రైలు టిక్కెట్టు చేతనున్నవారికి పెద్ద స్టేషనులలో విశ్రాంతి గదులు కూడ అద్దెకు దొరకును. కాని వానికి పోటీ మెండు.

ముంబాయికి ప్రాణనాడులు లోకల్ రైళ్లు. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినసు నుండి కుర్లా వరకు మన దేశమున మొదటి విద్యుత్తు రైలు నడిచినది ఇచ్చటనే. మేము పోయిన యేట దాదరు నుండి ఆ టెర్మినసునకు రెండవ తరగతి టిక్కెట్టు అయిదు రూపాయలు మాత్రమే. అది మిక్కిలి చవుక ప్రయాణము. కాని దానికి వేళ తెలియవలెను. ఉదయము ఎనిమిది నుండి పదునొకండు వరకు జనప్రవాహము దక్షిణమునకును, సాయంకాలము అయిదు నుండి తొమ్మిది వరకు ఉత్తరమునకును పారును. ఆ వేళలలో క్రొత్తవారు, ముఖ్యముగా వృద్ధులు, ఎక్కరాదు. కొన్ని బండ్లు ప్రతి స్టేషనులో ఆగును. కొన్ని వేగపు బండ్లు ముఖ్య స్టేషనులలో మాత్రమే ఆగును. పలకను చూడక ఎక్కినవాడు తన యూరిని కిటికీలో నుండి చూచుచు ముందుకు పోవలసినదే!

ఈ బండ్లలో స్త్రీలకు ప్రత్యేకముగా పెట్టెలుండును. నా భార్యను ఒంటరిగా అందు ఎక్కించుటకు నాకు భయము కలిగెను. ఆమెయే, "అంతమంది ఆడువారు పోవుచుండగా నేను పోలేనా?" అని ఎక్కినది. దిగవలసిన స్టేషనులో నేను గాబరాగా వెదకుచుండగా, ఆమె ఇద్దరు మరాఠీ స్త్రీలతో నవ్వుచు దిగి వచ్చినది. వారిలో నొకతె బండిలోనే మెంతికూర వలిచెనట. భాష రాకున్నను ఈమెయు ఒక కట్ట అందుకొని వలిచెనట. "రాత్రి ఇంటికి పోవుసరికి ఆలస్యమగునని వారు బండిలోనే వంటకు సిద్ధము చేసికొందురండీ" అని నాకు చెప్పెను. ఆ నగరమున కాలమెంత విలువైనదో నేను పుస్తకములలో చదివినదానికంటె ఆమె మెంతికూర కట్టలో ఎక్కువ గ్రహించినది.

భోజన విషయము. పెద్ద హోటళ్ల జోలికి పోనిచో ముంబాయిలో ఆకలి తీర్చుకొనుట కష్టము కాదు. మాతుంగా స్టేషను కడ దక్షిణదేశపు వారు స్థిరపడినందున అచ్చట అన్నము, సాంబారు, మజ్జిగలతో భోజనము దొరకును. 1942లో ఎ. రామనాయకుగారు స్థాపించిన ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగు వానిలో పేరెన్నికగన్నది. ఉదయము ఇరానీ హోటలులో తేనీరు, వెన్న రాసిన పావురొట్టె, మధ్యాహ్నము భోజనము, సాయంకాలము వడాపావు. ఈ వడాపావు మిల్లుకార్మికుల ఆకలి తీర్చిన తిండి. ఉడికించిన ఆలుగడ్డ బొండాను రొట్టె నడుమ నుంచి, వెల్లుల్లి పొడి చల్లి ఇత్తురు, నిలువబడియే తినవచ్చును. ఇద్దరికి దినమునకు 600 రూపాయలలో మాకు తృప్తిగా జరిగెను.

తిండి విషయమున ఆ నగరవాసులు పాటించు పొదుపునకు డబ్బావాలాలు నిదర్శనము. తెల్లని టోపీ ధరించిన వీరు ఇంటింట వండిన అన్నపు డబ్బాలను సేకరించి, రైళ్లలో చేరవేసి, మధ్యాహ్నమునకు కార్యాలయములలో అందించి, ఖాళీ డబ్బాలను మరల ఇండ్లకు చేర్తురు. 1890లో మహాదేవ్ హవాజీ బచ్చే అను ఆయన ఈ వృత్తిని ఏర్పరచెను. డబ్బా మూతపై వ్రాసిన రంగు గుర్తులు, అక్షరములు, అంకెలే వారికి చిరునామా. ఇంటి అన్నము తినువాడు ఆరోగ్యమును, ధనమును రెండింటిని కాపాడుకొనును. ఆ నగరమే మనకు పొదుపు నేర్పుచున్నది!

రెండవ దినమున గ్రాంటురోడ్డు స్టేషనులో దిగి మణిభవనమునకు నడిచితిమి. గాంధీమహాత్ముడు 1917 నుండి 1934 వరకు బొంబాయి వచ్చినప్పుడెల్ల ఈ ఇంట బస చేసెడివాడు. 1932 జనవరి 4 తెల్లవారుజామున ఆయనను ఈ ఇంటి మేడమీదనే నిర్బంధించిరి. ఆయన గది, పరుపు, రాట్నములు ఇప్పటికిని అట్లే ఉంచబడినవి.  కోట్లకొలది ప్రజలను కదిలించిన మహానుభావుని గదిలో మా ఇంటి వసారాలో నున్నన్ని వస్తువులైనను లేవు! సమీపముననే ఆగస్టు క్రాంతి మైదానము కలదు. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానము జరిగినది అచ్చటనే. దానికి ప్రవేశ రుసుము లేదు.

అటనుండి మలబారు కొండపైకి బస్సులో పోయి, నీటి జలాశయముపై 1881లో పెంచిన వేలాడు ఉద్యానమును, దాని ఎదుటనున్న కమలా నెహ్రూ ఉద్యానమును చూచితిమి. అచ్చటి నుండి క్రిందికి చూడగా చౌపాటీ ఇసుకతిన్నె, దానిని ఆనుకొని విల్లువలె వంగిన మెరైన్ డ్రైవు రహదారి కనబడును. రాత్రివేళ దీపములు వెలిగినప్పుడు దానిని రాణిగారి హారమందురు. నా భార్య ఆ హారపు చివర నిలిచిన ఎత్తైన భవనములను చూపి, "ఏమండీ, మా నాయన మన్ను పోసినది అచ్చటనేనా?" అని అడిగెను. "ఔను, అదియే నరీమన్ పాయింటు, కాని అచ్చట చూడదగినదేమియు లేదు, అన్నియు కార్యాలయములే" అంటిని. ఆమె మరి మాటాడలేదు.

మూడవ దినమున గేట్‌వే ఆఫ్ ఇండియాకు పోయితిమి. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి రాకకు గుర్తుగా తలపెట్టిన ఈ రాతి ద్వారము 1924లో పూర్తియైనది. చక్రవర్తి రాకకు కట్టిన ఈ ద్వారము గుండనే 1948 ఫిబ్రవరి 28న కడపటి ఆంగ్ల సేనాదళము ఈ దేశమును విడిచిపోయినది. అచ్చట పడవ నెక్కి గంటసేపు సముద్రముపై పోగా ఘారాపురి, అనగా ఎలిఫెంటా దీవి, వచ్చును. నూరింటికి మించిన మెట్లు ఎక్కవలెను. సోమవారము నాడు గుహలు మూసియుండును. కొండను తొలిచి చేసిన ఆ శివాలయము సుమారు పదునాలుగు, పదునైదు వందల యేండ్ల నాటిది. చీకటిలో దాదాపు ఇరువది అడుగుల ఎత్తున మూడు ముఖముల సదాశివమూర్తి దర్శనమిచ్చును: ఒక వైపు ఉగ్రత, ఒక వైపు కోమలత, నడుమ ప్రశాంతి. మేమిద్దరము చేతులు జోడించి మాటలేక నిలిచితిమి. పడవకును దర్శనమునకును పెట్టిన రూపాయలు వ్యర్థము కాలేదు.

ఇక నా తప్పు. పడవ దిగునప్పటికి మధ్యాహ్నము మూడు దాటినది. బస్సు ఎక్కినచో టెర్మినసునకు నాడు తలకు అయిదు రూపాయలు. దారిలో మ్యూజియము, రాజాబాయి గడియార స్తంభము, ఉన్నత న్యాయస్థానము కనబడును గదాయని, పది రూపాయలు మిగులునుగదాయని, "నడిచిపోవుదము" అంటిని. ఆమె సరేననెను. నేను ముందు నడచుచు, 1878లో ముగిసిన ఆ గడియార స్తంభమునకు ధనమిచ్చిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ తన తల్లి పేరును పెట్టిన వైనమును చెప్పుచు పోవుచుంటిని. హుతాత్మా చౌకు చేరి వెనుదిరిగి చూడగా ఆమె లేదు. ఇరువది బారల వెనుక కాలిబాట అంచున కూర్చుండి చెప్పు విడిచి పాదము పట్టుకొని యున్నది. మడమ బొబ్బలెక్కి చితికి యున్నది.

"ముందే చెప్పరాదా?" అంటిని. ఆమె నెమ్మదిగా ఇట్లనెను: "మీ కాగితములో పన్నెండు చోట్లున్నవి. అన్నియు మంచివే. నేను అడిగినది ఒక్కటే. అది అందు లేదు. పది రూపాయలు మిగిలినవందురు, మంచిదే. నలువది యేండ్లు మిగిల్చిన నా కోరికను ఏ పద్దున వ్రాయుదురు?"

నేను ముప్పదియైదేండ్లు బాలురకు వ్యాకరణమును నీతిని బోధించినవాడను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఆమె ఆరువేలు వేసిన సంచికి నేనొక్కడనే యజమానినైతిని. అత్యవసరమునకని విడిగా దాచిన మూడువేల రూపాయలు నా జేబులోనే యున్నవి. వానిని తాకకుండుటయే గొప్పయని గర్వించుచుంటిని. నా కాగితమును మడిచి లోపల పెట్టి, సంచిని ఆమె చేతికిచ్చి, నలుపు పసుపు రంగు టాక్సీని పిలిచితిని. నరీమన్ పాయింటునకు మీటరు నలుబది రూపాయలైనను దాటలేదు.

నగరపు దక్షిణమున సముద్రమును పూడ్చు పని చాల పాతది. 1920లలో ఆ పనులలోని అక్రమములను బయటపెట్టి పోరాడిన కె.ఎఫ్. నారిమన్ పేరే ఆ స్థలమునకు పెట్టిరి. 1960ల నుండి మరల సముద్రమును పూడ్చి, ఆ క్రొత్త నేలపై ఎత్తైన కార్యాలయ భవనములు కట్టిరి. ఒకప్పుడు కార్యాలయపు అద్దెలలో ప్రపంచముననే మిక్కిలి హెచ్చైన స్థలములలో నొకటిగా అది పేరొందెను. కాని దాని అంచున సముద్రము నానుకొని రాతిగోడ కలదు. దానిపై కూర్చుండుటకు ఎవరును అద్దె అడుగరు. క్రింద నాలుగు కొమ్ముల సిమెంటు దిమ్మలపై అలలు కొట్టుకొనుచుండెను. గోడపై కళాశాల విద్యార్థులు, పల్లీలు అమ్మువారు, పని ముగించుకొన్న గుమాస్తాలు, మావంటి యాత్రికులు వరుసగా కూర్చుండి యుండిరి.

నా భార్య గోడపై కూర్చుండి చాలసేపు అలలను చూచెను. పిదప వెనుదిరిగి మేడలను చూచెను. తరువాత వంగి గోడ ప్రక్క నేలను అరచేతితో తాకెను. "ఈ మేడలన్నియు మా నాయన గంపమీదనే నిలిచినవండీ" అనెను. ఆమె కంట నీరు లేదు. ముఖమున వెలుగు మాత్రము కలదు. సూర్యుడు క్రుంకువరకు మేమచ్చటనే యుంటిమి. పల్లీల పొట్లము రెండు కొంటిమి. ఆ నగరమున మేము గడిపిన గడియలలో అదియే అన్నిటికంటె విలువైనది; అన్నిటికంటె చవుకైనదియు అదియే.

నాలుగవ దినమున కాగితములో మిగిలినవానిని ఇద్దరము కలసి కొట్టివేసి, ఒక్క దానిని ఎన్నుకొంటిమి: నేడు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినసు అనబడు పాత విక్టోరియా టెర్మినసు. ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్సు అను శిల్పి రూపొందించిన ఈ కట్టడము 1878లో మొదలై పదేండ్లు సాగినది. 2004లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ద్వారస్తంభములపై సింహము, పులి. గోడలపై నెమళ్లు, కోతులు, ఆకులు, లతలు. బొంబాయి కళాశాల విద్యార్థులు కూడ ఆ చెక్కడపు పనిలో పాల్గొనిరి. తొందర లేక ఎదురుగా నిలిచి గంటసేపు చూచితిమి. పన్నెండు చోట్లు పరుగున చూచుటకంటె ఒక్క చోటు తీరికగా చూచుట మేలని నాకు బోధపడినది.

ఆ రాత్రి బండిలో నా భార్య లెక్క చెప్పగా నేను వ్రాసితిని. రైలు ఛార్జీలు ఇద్దరికి రానుపోను 1,800; గది అద్దె మూడు రాత్రులకు 4,500; భోజనములకు 2,400; నగరములో ప్రయాణములకు, ఆ టాక్సీతో సహా, 500; పడవకు, దర్శన రుసుములకు 1,000; మనుమలకు కొన్న బొమ్మలకు, కాలికి రాసిన మందుకు 800. వెరసి 11,000. మూడువేలు మిగిలినవి. వానిని ఆమె సంచిలోనే ఉంచితిని.

విద్యార్థులారా! పొదుపు వేరు, లోభము వేరు. అక్కరలేనిదానిని మానుట పొదుపు. అక్కరయైనదానిని గూడ మానుట లోభము. గది పెద్దది కాకున్నను, తిండి సామాన్యమైనను, బండి ఇరుకైనను యాత్రకు లోటు లేదు. తోడివారి అలసటను, కోరికను లెక్కలోనికి తీసికొననిచో మాత్రము ఎంత మిగిల్చినను నష్టమే. ఇద్దరు పోవు యాత్రకు ఇద్దరును కలసి కాగితము వ్రాయవలెను. సంచి ముడి ఇద్దరి చేతులకును తెలియవలెను.

మీరు ఎప్పుడైన ముంబాయి పోయినచో ఆ రాతిగోడపై కొంతసేపు కూర్చుండుడు. మీ ఊరివారో, మీ తాతల కాలపువారో, పేరు తెలియని ఎందరో మోసిన మన్ను మీ పాదముల క్రింద నున్నదని తలచుకొనుడు. అప్పుడు ఏ మహానగరమును మీకు పరాయిది కాదు.